ఒక నూలు ఎడం

మా అమ్మాయి బెంగళూరులో ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో పని చేస్తోంది. వారంలో రెండు రోజులు ఇంటి నుంచే పని చేసుకోవచ్చునట. ఆ రెండు రోజులూ హోసూరులోని మా ఇంట్లో భోజనాల బల్ల ఆమెదే. మేమిద్దరం కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటాం. పిల్ల కళ్ళ ముందుంటే చాలదా అంటుంది వాళ్ళమ్మ. నా మనసులోనూ అదే ఉంది గాని, పైకి మాత్రం బల్ల గురించి నాలుగు మాటలు సణుగుతూ ఉంటాను.

ఆ మధ్య ఒక రెండో శనివారం, బ్యాంకుకు సెలవు. అమ్మాయికి సెలవే గాని గడువు దగ్గరపడిందని పొద్దున్నే కంప్యూటరు తెరిచింది. నేను కాఫీ గ్లాసుతో ఆమె వెనక నిలబడ్డాను. తెర మీద రెండు రెక్కల కిటికీ ఒకటి ఉంది. 1200 అని ఉన్న గడిలో ఆమె 1500 అని కొట్టింది. ఇంచుమించు నాలుగడుగుల కిటికీని అయిదడుగులు చేసిందన్నమాట. చట్రం చక్కగా సాగింది. రెక్కలు మాత్రం ఉన్నంతే ఉండిపోయాయి. రెండింటి నడుమా అడుగు వెడల్పు సందు, పిల్లి దర్జాగా దూరిపోయేంత.

నాకు నవ్వొచ్చింది. "మీ తాత ఇట్లాంటి కిటికీ చేసిస్తే కూలి ఇచ్చేవాళ్ళు కాదే" అన్నాను.

"ఇది నేను చేసింది కాదు నాన్నా. ఎవరో చేసిపెట్టింది నాకొచ్చింది. లింకు చెయ్యడం మరిచిపోయారు" అంది.

మా నాయన వడ్రంగి. హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆయన చేసిన ద్వారబంధాలు, కిటికీలు ఇప్పటికీ కొన్ని నిలిచి ఉన్నాయి. నేను ఆ పని నేర్చుకోలేదు. చిత్రిక పట్టబోతే "నీకెందుకురా ఇది, పోయి చదువుకో" అని చేతిలోంచి లాక్కునేవాడు. బి.కాం. చదివాను, బ్యాంకులో చేరాను. ఇప్పుడు మనవరాలు మళ్ళీ కిటికీల దగ్గరికే వచ్చింది, చెక్క లేకుండా. ఆ లింకు సంగతేమిటో చెప్పమన్నాను. ఆమె విసుక్కోకుండా కుర్చీ జరిపి చోటిచ్చింది.

ఆ సాఫ్ట్‌వేరు పేరు రెవిట్. 1997లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో లియొనిడ్ రైజ్, అర్విన్ యుంగ్రైస్ అనే ఇద్దరు మొదలుపెట్టిన చిన్న కంపెనీ దాన్ని తయారుచేసింది. అంతకుముందు వాళ్ళు యంత్రభాగాలను గీసే సాఫ్ట్‌వేరు మీద పనిచేసినవాళ్ళు. అక్కడి పద్ధతిని ఇళ్ళకూ భవనాలకూ పట్టుకొద్దామనుకున్నారు. 2000లో మొదటి రూపం బయటికొచ్చింది. 2002లో ఆటోడెస్క్ కంపెనీ దాన్ని 13 కోట్ల 30 లక్షల డాలర్లకు కొనుక్కుంది. అసలు ఈ ఆలోచనకు మూలం ఇంకా వెనక ఉంది. 1963లో ఇవాన్ సదర్లాండ్ అనే విద్యార్థి ఎం.ఐ.టి.లో తన పరిశోధన కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాము రాశాడు. అందులో ఒక మూలబొమ్మ గీసి దానికి ఎన్ని నకళ్ళయినా పెట్టుకోవచ్చు. మూలాన్ని దిద్దితే నకళ్ళన్నీ వాటంతటవే మారతాయి. మామూలు నక్షాలో గీత గీతే. ఈ పద్ధతిలో గీత వెనక ఒక కొలత ఉంటుంది. కొలత మారిస్తే గీత కదులుతుంది. ఆ మార్చదగిన కొలతనే పారామీటరు అంటారు. కొలతే కానక్కర్లేదు, రంగు కావచ్చు, చెక్క రకం కావచ్చు, ఉందా లేదా అనే ప్రశ్నకు జవాబు కావచ్చు.

రెవిట్‌లో కిటికీని 'ఫ్యామిలీ' అంటారట. తలుపు ఒక ఫ్యామిలీ, కుర్చీ ఒక ఫ్యామిలీ. ఒక ఫ్యామిలీలోకి ఇంకో ఫ్యామిలీని తెచ్చి పెట్టుకోవచ్చు. కిటికీలో రెక్క, రెక్కలో గడియ. ఉమ్మడి కుటుంబమే. రెక్కను ఒకసారి చేసుకుంటే పది రకాల కిటికీల్లో వాడుకోవచ్చు. దాన్ని ఎక్కడో విడిగా చేశారు కాబట్టి దాని వెడల్పు దానికుంటుంది, దాని ఎత్తు దానికుంటుంది. కిటికీలోకి తెచ్చి పెట్టినంత మాత్రాన కిటికీ మాట అది వినదు.

"కిటికీకీ వెడల్పు అనే పేరే ఉంది, రెక్కకీ వెడల్పు అనే పేరే ఉంది కదా, మరి కలవదా?" అన్నాను.

"పేరొకటయితే కలిసిపోదు నాన్నా. మనమే కలపాలి" అంది.

కలిపి చూపించింది. రెక్కను ఎంచుకుంటే పక్కన దాని పారామీటర్ల పట్టీ వస్తుంది. ఒక్కో వరుస చివర చిన్న బూడిదరంగు మీట ఉంటుంది, చూడనివాళ్ళకు కనిపించనంత చిన్నది. దాన్ని నొక్కితే కిటికీకి ఉన్న పారామీటర్ల జాబితా తెరుచుకుంటుంది. ఆ జాబితాలో కూడా అన్నీ రావు. పొడవుకు పొడవులే వస్తాయి, చెక్క రకానికి చెక్క రకాలే వస్తాయి. పేర్లు వేరైనా ఫరవాలేదు, జాతి ఒకటి కావాలి. ఒకదాన్ని ఎంచుకోగానే ఆ చిన్న మీట మీద సమానం గుర్తు పడుతుంది. ఆ గుర్తు పడిందంటే ఇక రెక్క తన కొలత తాను పెట్టుకోదు, కిటికీ చెప్పిందే దాని కొలత. ఆమె దాన్ని లింకు అంటుంది. నాకు ముడి అనుకుంటే తేలిగ్గా అర్థమైంది.

అయితే కిటికీ వెడల్పునే తెచ్చి రెక్కకు ముడివేస్తే కుదరదు. రెండు రెక్కలూ చెరో కిటికీ అంత అయిపోతాయి. అందుకని కిటికీలోనే 'రెక్క వెడల్పు' అని ఇంకో పారామీటరు పుట్టించి, దానికి ఒక సూత్రం రాయాలి. కిటికీ వెడల్పులోంచి రెండు పక్కల చట్రం మందం తీసెయ్యి, మూడు చోట్ల ఎడం తీసెయ్యి, మిగిలింది రెండుతో భాగించు. చట్రం 60 మిల్లీమీటర్లు, ఎడం 3 మిల్లీమీటర్లు. 1500లోంచి 120 పోతే 1380, దాంట్లోంచి 9 పోతే 1371, సగం 685న్నర. ఆ పారామీటరును రెక్కకు ముడివేసింది. రెక్కలు రెండూ వచ్చి చట్రంలో ఒద్దికగా కూర్చున్నాయి.

ఎడం 3 మిల్లీమీటర్లు అన్నప్పుడు నాకు ఏదో తట్టింది. కాని చెప్పలేదు. తట్టినవన్నీ చెప్పే అలవాటు నాకు లేదు.

"ఇదేమో రెండు తరాలు. మూడో తరం చూడు" అని గడియ సంగతి ఎత్తింది. ఇల్లు కట్టించుకునే ఆసామి ఇత్తడి గడియలు వద్దు, నల్లవి కావాలన్నాడట. పైన కిటికీ పట్టీలో వెతికితే గడియ రంగు అనే మాటే లేదు. ఎందుకంటే గడియ రెక్కలో ఉంది, రెక్క కిటికీలో ఉంది. భవనంలో పెట్టినప్పుడు పైకి కనిపించేవి కిటికీ పారామీటర్లే. కిటికీ నుంచి ఒకేసారి గడియకు ముడి వెయ్యడానికి కుదరదు. ముందు రెక్కను తెరవాలి. రెక్కకు దానిదంటూ 'గడియ రంగు' అనే ఒక పారామీటరు పుట్టించి గడియను దానికి కట్టాలి. తర్వాత రెక్కను మళ్ళీ కిటికీలోకి ఎక్కించి, కిటికీకి ఇంకో పారామీటరు పుట్టించి, రెక్కదాన్ని దీనికి కట్టాలి. అప్పుడు గాని పైనుంచి చెప్పిన మాట కిందిదాకా చేరదు.

"రెక్కకు గడియ రంగుతో పనేముంది? దానికి అక్కర్లేదు కదా" అన్నాను.

"దానికి అక్కర్లేదు నాన్నా. కానీ మధ్యలో ఉంది కదా, అదే మొయ్యాలి."

ఆ మాటతో నా మనసు కిటికీ మీదినుంచి బ్యాంకు మీదికి పోయింది. ఎందుకంటే ఈ ముడుల వ్యవహారమే మా వృత్తిలో ఇరవై ముప్ఫై ఏళ్ళుగా నడుస్తోంది. రిజర్వు బ్యాంకు రెపో రేటు తగ్గిస్తుంది. అప్పు తీసుకున్నవాడి వడ్డీ తగ్గాలి. కానీ నడుమ బ్యాంకు ఉంది, బ్యాంకులో స్కీము ఉంది, స్కీము కింద ఖాతా ఉంది. మా అమ్మాయి భాషలో చెప్పాలంటే స్కీము టైపు, ఖాతా ఇన్‌స్టెన్సు. టైపులో మారిస్తే ఆ రకం కిటికీలన్నీ మారతాయి, ఇన్‌స్టెన్సులో మారిస్తే ఆ ఒక్క కిటికీయే మారుతుంది. 2010 జులై 1న బేస్ రేటు వచ్చింది. 2016 ఏప్రిల్ 1న ఎం.సి.ఎల్.ఆర్. వచ్చింది. ఇవి రెండూ బ్యాంకు తన ఖర్చులు లెక్కేసుకుని తానే కట్టే రేట్లు. పైన రెపో తగ్గినా ఇక్కడ తగ్గడం ఆలస్యమయ్యేది, తక్కువయ్యేది. చట్రం సాగింది, రెక్క సాగలేదు. చివరికి 2019 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే చలన వడ్డీ గృహరుణాలను బ్యాంకు చేతిలో లేని బయటి రేటుకే కట్టాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. మూడు నెలలకు ఒకసారైనా సరిచూసుకోవాలని నియమం పెట్టింది. మేం రెపోకు కట్టాం. అప్పటికి పడింది సమానం గుర్తు.

కానీ అది కొత్త అప్పులకు. పాత అప్పులు పాత రేటు కిందే ఉంటాయి. మారాలనుకున్నవాళ్ళు అడిగి, కాగితం రాసిచ్చి మారవచ్చు. అడగాలి. చిక్కంతా అక్కడే ఉంది.

2012లో మా శాఖలో ఒకావిడ ఇంటి అప్పు తీసుకుంది. భర్త లేడు, బట్టలు కుట్టి పిల్లల్ని చదివించుకుంటోంది. హోసూరులో తెలుగు మీడియం బడిలో చదువుకున్న మనిషి. తమిళం మాట్లాడుతుంది గాని చదవలేదు. ఇంగ్లిషు అంతకంటే లేదు. 2020 మే నెలలో రెపో రేటు 4 శాతానికి దిగింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆమె మూతికి గుడ్డ కట్టుకుని వచ్చింది. కరోనా రోజులు. కంతుల వాయిదా కోసం వచ్చినవాళ్ళతో నా ముందు వరుస వీధిదాకా ఉంది.

"వడ్డీ తగ్గిందని టీవీలో చెప్తా ఉండారు సార్. మాకూ తగ్గుతుందా?" అని అడిగింది.

"మీది పాత రేటమ్మా. దానికి ఇది వర్తించదు" అన్నాను.

నేను అబద్ధం చెప్పలేదు. ఉన్నమాటే చెప్పాను, సగం చెప్పాను. ఒక కాగితం రాసిచ్చి, కొద్దిపాటి ఖర్చు కట్టి కొత్త రేటులోకి మారవచ్చునన్న మిగతా సగం నా నోట్లోనే ఉండిపోయింది. ఆ సంగతి నోటీసు బోర్డు మీద ఉంది, ఇంగ్లిషులోనూ తమిళంలోనూ. ఆమె ఆ బోర్డు పక్కనుంచే వెళ్ళిపోయింది.

2022లో ఆమె మళ్ళీ వచ్చింది. కూతురి చదువుకు ఇంకో అప్పు కావాలని. ఆ కాగితాల కోసం పాత ఖాతా తెరిచి చూశాను. ఇంకా బేస్ రేటులోనే ఉంది. అప్పటికి రెపో పెరగడం మొదలైంది. మే నెలలో 4.40 అయింది, మరుసటి ఏడు ఫిబ్రవరికి 6.50 అయింది. తక్కువ వడ్డీ కాలమంతా ఆమెకు తగలకుండానే గడిచిపోయింది. ఆ రెండేళ్ళలో ఆమె అదనంగా కట్టిందెంతో లెక్కేశాను. ఆమె తొక్కే మిషన్లలాంటివి రెండు కొనుక్కునేంత.

ఆ రోజు ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. మారే వీలు అప్పుడే ఉండిందనీ, నేను చెప్పలేదనీ చెప్పాను. ఆమె కోప్పడితే బాగుండేది. కాసేపు నా ముఖంలోకి చూసి, "మీరు మనవాళ్ళు కదా సార్. ఏమన్నా ఉంటే మీరే చెప్తారనుకున్నా" అంది.

మనవాళ్ళు. ఈ ఊళ్ళో ఆ మాటకున్న బరువు ఈ పత్రిక చదివేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఆఫీసులో, ఆసుపత్రిలో, రైలు టికెట్ల వరుసలో మన మాట వినబడితే చాలు, సగం పని అయినట్టే అనుకుంటాం. నన్ను చూసి ఆమె అలాగే అనుకుంది. మా ఇద్దరి భాషా ఒకటే. కిటికీ వెడల్పు పేరూ రెక్క వెడల్పు పేరూ ఒకటే అయినట్టు. నడుమ ఆ బూడిదరంగు మీట నొక్కవలసినవాణ్ణి నేను. నొక్కలేదు.

ఆ వారం పాత రేట్ల ఖాతాల జాబితా తీశాను. ఒక్కొక్కరికీ ఫోను చేశాను, తెలుగువాళ్ళకు తెలుగులో, తమిళులకు నాకొచ్చిన తమిళంలో, కన్నడం వాళ్ళకు కన్నడంలో. మారితే లాభమేనని చెప్పడానికి కూడా ధైర్యం చాలలేదు. ముడి పడితే తగ్గుదల వచ్చిన దారినే పెరుగుదలా వస్తుంది. రేట్లు ఎక్కుతున్న రోజులవి. "ఇప్పుడు మారితే రేపు పెరిగేదీ నేరుగా మీ నెత్తినే పడుతుంది, ఆలోచించుకోండి" అని రెండు వైపులా చెప్పాను. కొందరు మారారు, కొందరు వద్దన్నారు. ఆవిడ లెక్కంతా మళ్ళీ మళ్ళీ అడిగి తెలుసుకుని మారింది.

ఈ రెండో వైపు గురించి కూడా అమ్మాయి ఆ శనివారం చెప్పింది. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు కనిపించిన ప్రతి పారామీటరుకూ ముడి వేసేస్తారట. అది ఇంకా ప్రమాదం. కిటికీ వెడల్పు పెరిగితే రెక్క పెరగాలి. కానీ అద్దం మందం పెరగకూడదు, గడియ పెద్దదవకూడదు, అది మనిషి చేతికి తగ్గట్టుగా చేసింది కదా. గడియ ఎత్తు కూడా నేలనుంచి చెయ్యి అందే చోటే ఉండాలి. ఏది ఏదానితో కదలాలి, ఏది కదలకూడదు అన్నది సాఫ్ట్‌వేరుకు తెలియదు. కిటికీ అంటే ఏమిటో తెలిసినవాళ్ళే దాన్ని నిర్ణయించాలి. మీట నొక్కడం పూటలో వస్తుంది, ఆ నిర్ణయం మాత్రం ఏళ్ళు పని చేస్తే గాని రాదు అంది. ఆ మాట అన్నప్పుడు అచ్చం వాళ్ళ తాతలా అనిపించింది. కాని ఆమెకు తాత బాగా గుర్తులేడు. ఆయన పోయేనాటికి అయిదారేళ్ళ పిల్ల.

రాత్రి భోజనాలయ్యాక బల్ల దగ్గర కూర్చున్నాం. ఆమె ఇంకా ఆ కిటికీతోనే ఉంది. నేను అడిగాను: "ఆ ఎడం 3 మిల్లీమీటర్లని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. పాత సూత్రంలో అంతే ఉంది, నేనూ అంతే ఉంచాను."

అప్పుడు చెప్పాను. మా ఊరి వడ్రంగులు అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అంటారు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, ఒకరోజు మా నాయన బిగించిన కిటికీ రెక్కకూ చట్రానికీ నడుమ సన్నటి వెలుగుగీత కనబడింది. తప్పు పట్టుకున్నానన్న సంబరంతో చూపించాను. ఆయన నవ్వి, "తప్పు కాదురా, ఇడిసిపెట్టిందే. వానాకాలంలో చెక్క ఉబ్బుతాది. ఒక నూలు ఎడమిస్తే రెక్క బతుకుతాది, లేకుంటే పట్టేస్తాది" అన్నాడు. అంగుళంలో ఎనిమిదో వంతంటే 3 మిల్లీమీటర్లకు పిసరంత ఎక్కువ.

అమ్మాయి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇంతకాలం నాకెందుకు చెప్పలేదు?" అంది.

"నువ్వు అడగలేదు కదా."

"అడగాలని తెలిస్తే కదా నాన్నా అడిగేది."

ఆ మాట నేను ఇంతకుముందే విన్నాను, వేరే మనిషి ముఖంలో. మా నాయనకు తెలిసినవి వందల్లో ఉంటాయి. ఏ చెక్క ఎటు వంగుతుంది, ఏ రెక్కకు ఎన్ని మడతబందులు, తలుపు ఎంత బరువైతే చట్రం ఎంత ఉండాలి. నాకు వాటితో పనిలేదు, నేను బ్యాంకువాణ్ణి. అందుకని అవి నా దగ్గరే ఆగిపోయాయి. రెక్కకు గడియ రంగుతో పనేముందని పొద్దున అడిగినవాణ్ణి నేనే.

ఆమె సూత్రం తెరిచింది. అందులో 3 అని అంకె రాసి ఉన్నచోట అంకె తీసేసింది. కొత్తగా ఒక పారామీటరు పుట్టించి, ఇంగ్లిషు అక్షరాల్లో 'నూలు' అని పేరు పెట్టింది. విలువ 3 అని కొట్టింది. "ఆఫీసులో పేరు మార్చమంటారేమో. అప్పటిదాకా ఉండనీ" అంది. పరీక్షకని వెడల్పు 1800 చేసింది. చట్రం సాగింది, రెక్కలు సాగాయి, నూలు నూలుగానే నిలిచింది.

"రెక్కలు మరీ పెద్దవయ్యాయి. మీ తాత అయితే ఒప్పుకోడు" అన్నాను.

"ఎందుకు?"

"అంత వెడల్పు రెక్క దాని బరువుకే కొస వాలుతుంది. నేలకు రాసుకుంటుందని తలుపులకు కూడా భయపడేవాడు. రెండున్నర అడుగులు దాటితే మూడో రెక్క పెట్టేవాడు."

"రెండున్నర అంటే 760" అని లెక్క కట్టుకుంది. వెడల్పు ఇంత దాటితే రెక్కలు మూడు అని ఇంకో సూత్రం రాయాలట. దానికి ఎడం కూడా మూడు చోట్ల కాదు, నాలుగు చోట్ల తియ్యాలి. "కాస్త పని ఉంది. నీకు నిద్ర రావడం లేదు కదా?" అంటూ కుర్చీ జరిపింది.

లేదన్నాను. "ఇంకేం చెప్పేవాడు తాత?" అని అడిగింది.